అడ్మినిస్ట్రేటర్ అనుమతి లేదు

మధ్యాహ్నం రెండింటికి కల్నల్ అల్బాన్ ఫోన్ చేశాడు.

“కాఫీ చల్లారిందా?”

“పొద్దున్నే చల్లారింది,” అంది ఏజెంట్ నార్సిసా టిగ్రేరో. అదీ ఆ వారం సంకేతం.

“విను. ప్రొఫెసర్ సిరిలో యగ్వాల్ మాయమై ముప్పై గంటలైంది. మన సైన్యం కోడ్లన్నీ రాసింది ఆయనే. విదేశీ ముఠా ఆయన్ని గ్వాయకిల్ రేవులో ఒక అరటిపళ్ల కంటైనర్లో పెట్టేసింది. ఓడ ఐదింటికి కదులుతుంది.”

“ఏ కంటైనర్?”

“మూడు వందల నలభైలో ఒకటి.”

“అన్నీ తెరిపిస్తే?”

“రేవు నిండా వాళ్ల మనుషులే. మొదటి తలుపు తెరవగానే ఆయన్ని చంపేస్తారు. ఏ పెట్టో తెలుసుకున్నాకే కదలాలి.”

నార్సిసా వాతావరణ వార్తలు విన్నట్టు విన్నది. మార్చిలో పక్కనే నడుస్తున్న సహచరుడు తూటా తగిలి పడిపోయిన దగ్గర్నుంచి ఆమెకు ఏదీ లోపలికి దిగడం లేదు. దాన్ని అందరూ ధైర్యం అన్నారు. కల్నల్ ఒక మెడల్ కూడా ఇప్పించాడు. అది ధైర్యం కాదని, మొద్దుబారిపోవడమని ఆమెకొక్కతికే తెలుసు.

పథకం తేలిగ్గానే ఉంది. అరటిపళ్లు పదమూడు డిగ్రీల చలిలో ప్రయాణం చేస్తాయి. ఆ చలిలో మనిషి మూడు వారాలు బతకడు కాబట్టి ప్రొఫెసర్ ఉన్న పెట్టెను ముఠా కచ్చితంగా వెచ్చగా ఉంచుతుంది. కంపెనీ తెర మీద మాత్రం అన్నీ పదమూడే చూపించేలా మార్చేశారు. పెట్టెలోని ఉష్ణోగ్రత సెన్సర్‌ను నేరుగా చదివే యాప్ ఒకటి ఏజెన్సీ తయారు చేసింది. కానీ ఆ కంటైనర్లు కంపెనీ టాబ్లెట్‌కు తప్ప ఇంకెవరికీ జవాబివ్వవు. యార్డ్ మొత్తానికి టాబ్లెట్ ఒక్కటే. ఆ యాప్‌ను అందులో ఎక్కించాలి.

మూడుంపావుకు నీలం ఓవరాల్స్‌లో, దళసరి కళ్లద్దాలతో, కొండల మీది రాజధాని కీటో నుంచి వచ్చిన సిస్టమ్స్ ఇంజనీర్‌గా ఆమె యార్డ్‌లో దిగింది. ఫోర్‌మన్ డాన్ విల్మెర్ పసుపు ఫుట్‌బాల్ జెర్సీ మీద యూనిఫాం తొడుక్కుని, వేయించిన అరటికాయ ముద్ద తింటూ ఎదురొచ్చాడు.

“కొండ మీంచి వచ్చారా ఇంజనీరమ్మా? మా ఎండకి కరిగిపోతారు, జాగ్రత్త! బోలోన్ తింటారా? మా ఆవిడ చేసింది.”

“తర్వాత తింటాను డాన్ విల్మెర్. టాబ్లెట్ ఇస్తారా?”

“తీసుకోండి, మాకేం. అయిదింటికల్లా ఇచ్చేయాలి కానీ. హాజరు కూడా దాంట్లోనే.”

ఆమె ఇన్‌స్టాల్ నొక్కింది. తెర మీద ఒక్క వాక్యం వచ్చింది. ఈ యాప్‌కు మీ అడ్మినిస్ట్రేటర్ అనుమతి లేదు.

ఆ అడ్మినిస్ట్రేటర్ మేడ మీద గాజు గదిలో ఉంది. పేరు మిరేయా లాండీవర్. ఎర్ర హీల్స్, పచ్చల దుద్దులు, మెడలో బంగారు గొలుసుకు వేలాడే సెక్యూరిటీ కీ. ఏజెన్సీ దగ్గరా జీతం తీసుకుంటుంది, ముఠా దగ్గరా తీసుకుంటుంది. మనసు ఎటువైపో ఎవరికీ అంతు చిక్కలేదు.

“మీ కల్నల్ అడగ్గానే పొద్దున పదకొండింటికే అప్రూవ్ చేశానమ్మాయ్,” అంది మిరేయా గోళ్లు చూసుకుంటూ. “తప్పు నీ టాబ్లెట్‌ది.”

“టాబ్లెట్ మీదే కదా మేడమ్.”

“అయితే తప్పు నీది.”

నార్సిసా రీస్టార్ట్ చేసింది. పాత ఫైళ్లు తీసేసి ఖాళీ చేసింది. వైఫై తెంచి మళ్లీ కలిపింది. పాలసీ సింక్ ఏడుసార్లు నొక్కింది. ఏడుసార్లూ అదే వాక్యం. చేతి గడియారంలో నాలుగు దాటింది. కల్నల్‌కు ఫోన్ చేసింది.

“ఆవిడే అడ్డుపడుతోంది,” అన్నాడు కల్నల్. “ఆ కీ ఉంటే అనుమతి నువ్వే ఇచ్చుకోవచ్చు. బతికుండగా ఇవ్వదు. పెన్ను ఉందిగా?”

“ఉంది.”

“ఇంకేం మరి.”

ఆ పెన్నులో సిరా ఉండదు, విషపు సూది ఉంటుంది. నార్సిసా టాబ్లెట్ చంకలో పెట్టుకుని మేడెక్కింది. మిరేయా కిటికీ వైపు తిరిగి ఓడను చూస్తోంది. మెడ మీద జుట్టు పైకి ముడేసి ఉంది. నార్సిసా పెన్ను మూత తీసింది. చెయ్యి వణకలేదు. వణకలేదని గమనించింది, అంతే.

తలుపు ధడాల్న తెరుచుకుంది.

“ఇంజనీరమ్మా, టాబ్లెట్ ఓసారి!” డాన్ విల్మెర్ ఆయాసపడుతున్నాడు. “కింద ముప్పై మంది నా పీక మీద కూర్చున్నారు. అయిదైపోయింది, వేళ్లు పెట్టేసి పోతాం. మ్యాచ్ ఉంది!”

నార్సిసా గోడ గడియారం చూసింది. నాలుగూ పద్నాలుగు. టాబ్లెట్ చూసింది. అయిదూ ఆరు. గంట సేపు ఆ తెరతోనే కుస్తీ పట్టి, మూలనున్న ఆ అంకెలు చూడనేలేదు.

“టైం ఎవరు మార్చారు?”

డాన్ విల్మెర్ జెర్సీ అంచు నలిపాడు. “మ్యాచ్ ఉన్న రోజు పొద్దున్నే యాభై రెండు నిమిషాలు ముందుకు తిప్పుతామమ్మా. అందరం కలిసే. గంట తిప్పితే ఆఫీసోళ్లు పసిగడతారని…”

గడియారం తప్పిన టాబ్లెట్‌ను సర్వర్ నమ్మదు. పొద్దున్నుంచి పైనుంచి ఒక్క ఆర్డరూ దీనికి అందలేదు. నిన్నటి నిషేధమే ఇంకా నడుస్తోంది. ఆమె టైం సరిచేసి సింక్ నొక్కింది.

అనుమతి మంజూరు. ఉదయం 11:04. ఎం. లాండీవర్.

ఆ సంతకం వంక ఒక్క క్షణం చూసి, నార్సిసా పెన్నుకు మూత పెట్టింది. రేవు నెట్‌వర్క్ నత్త నడకన కదిలింది. నలభై శాతం. డెబ్భై. నాలుగూ నలభై తొమ్మిదికి యాప్ తెరుచుకుంది. పదమూడు, పదమూడు, పదమూడు… రెండు వందల పన్నెండో పెట్టె దగ్గర ఇరవై రెండు. అది యార్డ్‌లో లేదు, క్రేన్ కొక్కేనికి వేలాడుతూ ఓడ మీదికి పోతోంది.

“కాఫీ వేడెక్కింది,” అని కల్నల్‌కు నంబర్ చదివింది.

క్రేన్ గాల్లో ఆగింది. ఓడకు రంగులు వేస్తున్నట్టు నటిస్తున్న కల్నల్ మనుషులు ఆరుగురు బ్రష్షులు పారేసి తుపాకులు తీశారు. మూడు నిమిషాల్లో పెట్టె కిందికి దిగింది. ప్రొఫెసర్ స్వెటర్ వేసుకుని బయటికొచ్చి, నీళ్లడిగాడు. నార్సిసా కిటికీ లోంచి అంతా చూసింది. సంతోషించాలని తెలుసు. ప్రయత్నించింది కూడా. రాలేదు.

డాన్ విల్మెర్ ఎప్పుడో జారుకున్నాడు. మిరేయా ఆమె జేబు వంక చూసింది.

“ఆ పెన్ను నాకూ ఇచ్చారు ఒకప్పుడు. నా వెనక నిలబడి మూత తీశావు కదూ? కిటికీ అద్దంలో కనిపించింది.”

“తీశాను.”

“మరి అరవలేదేం అనుకుంటున్నావా? ఎక్కడికి పోతాను, తలుపు నీ వైపుంది.” మిరేయా వచ్చి కుర్చీలో కూర్చుంది. “ఒక్క మాట అడుగుతాను. కాస్తయినా జాలి వేసిందా?”

నార్సిసా వెతుక్కుంది. నిజాయితీగానే వెతుక్కుంది.

“లేదు.”

మిరేయా కుర్చీలో వెనక్కి వాలింది.

“హమ్మయ్య. ఈ ఊళ్లో నన్ను చంపబోయినవాళ్లంతా ముందు బోలెడు జాలి ఒలకబోశారు. అబద్ధం చెప్పనిదానివి నువ్వొక్కదానివే దొరికావు.”