మైనం అయిపోయిన రోజు

ఆదివారం పొద్దున్నే ఫుల్వియో వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఆర్టిచోక్ మొగ్గల ముళ్లరేకులు వలుస్తున్నాడు. శుక్రవారం అతని పదవీ విరమణ సభ. ముప్పై ఒక్క ఏళ్ల కిందట ఒక అణువు అయస్కాంత బలం కొలిచి అతను రాసిన పరిశోధన పేపరును ఇప్పటికి రెండువేల మూడువందల మంది తమ పేపర్లలో ఉదహరించారు. ఆ సంఖ్యను కుళాయి బాగుచేయడానికి వచ్చినవాడికి కూడా చెప్పి పంపే మనిషి అతను.

కూతురు జినెవ్రా కూడా ఫ్లోరెన్స్‌లోనే, తండ్రి నడిపిన ల్యాబులోనే పనిచేస్తోంది. వారం నుంచి ఆమెకు ముద్ద దిగడం లేదు.

“ఏమే, నీ పేపరు అచ్చుకి వెళ్లిందా? పాదువా యూనివర్సిటీ ఉద్యోగానికి అది చూపించాలి, గడువు బుధవారమేగా?” అన్నాడు ఫుల్వియో.

జినెవ్రా కాఫీ కప్పులు బల్ల మీద పెట్టింది. “మొన్న రాత్రి పత్రికవాళ్లకి, వెనక్కి తీసుకుంటానని రాసేశాను నాన్నా.”

“మతుండే చేశావా? రెండేళ్ల కష్టం అది.”

“అంత బాగా రాలేదులే.”

తల్లి ఒర్నెల్లా పొయ్యి మీది కాఫీ దించి ఇటు తిరిగింది. “అబద్ధమాడితే దీని చెవులు ఎర్రబడతాయి, చిన్నప్పట్నుంచీ అంతే. నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?”

ఇక తప్పలేదు. “నీ అణువునే మళ్లీ కొలిచాను నాన్నా. దాని పొడిని మైనంలో బిగించి కొలిస్తే నీ లెక్కకంటే ఐదోవంతు తక్కువొచ్చింది. పదకొండుసార్లు కొలిచాను.”

ఫుల్వియో చేతిలో కత్తి ఆగిపోయింది. మైనంలో బిగించకపోతే పొడిలోని పలుకులన్నీ అయస్కాంతం వైపు తిరిగి సర్దుకుంటాయి, లేని బలాన్ని ఉన్నట్టు చూపిస్తాయి. ఏటా కొత్త విద్యార్థులకు ఆ జాగ్రత్త నేర్పేది అతనే.

“అంటే ఇన్నాళ్లూ రెండువేల మూడువందల మందీ కళ్లు మూసుకున్నారా?”

“నిన్ను నమ్మారు నాన్నా. ఎవరూ మళ్లీ కొలవలేదు.” ఆమె తండ్రి చేతిలోంచి కత్తి తీసి పక్కన పెట్టింది. “నీ సభ ముందు ఈ మాట బయటికి రావడం నాకిష్టం లేదు. ఉద్యోగానిదేముంది, ఇంకోటి వస్తుంది.”

అప్పుడు మండింది అతనికి. “నా పరువు కోసం నీ బతుకు పారేసుకుంటావా? నేనడిగానా? నన్నింత పిరికివాణ్ణి ఎప్పుడనుకున్నావు నువ్వు?”

కుర్చీ తోసుకుని లోపలికెళ్లి తలుపు వేసుకున్నాడు. జినెవ్రా తల్లి భుజం మీద పడి వెక్కివెక్కి ఏడ్చింది. ఒర్నెల్లా వీపు నిమురుతూనే, “ఇద్దరికిద్దరూ మొండిఘటాలు, మధ్యలో నా కాఫీ చల్లారిపోయింది,” అని గొణిగింది.

లోపల అట్టపెట్టెలు లాగుతున్న చప్పుడు. అరగంటకి అతను పాత ల్యాబు పుస్తకంతో వచ్చి కూతురి పక్కనే కూర్చున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఒక పేజీ తీసి చదివాడు.

“‘మైనం అయిపోయింది. వట్టి పొడితోనే కొలిచాను. రేపు మళ్లీ కొలవాలి.’” కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “ఆ రేపు నేను ల్యాబుకి వెళ్లలేదమ్మా, పుస్తకం నాతోనే ఉండిపోయింది. తర్వాత ఏడువారాలు వెళ్లలేదు. వెళ్లాక ఈ మాట గుర్తే లేదు. ఉన్న లెక్కనే పంపేశాను.”

“నాన్నా…”

“శని ఆదివారాల్లో పత్రికవాళ్లు ఉత్తరాలు చూడరు. పేపరు వెనక్కి తీసుకోవట్లేదని ఇప్పుడే రాసెయ్. శుక్రవారం మొదటి ప్రసంగం నీది.”

“నీ శిష్యులంతా వస్తున్నారు. అందరి ముందూనా?”

“అందరి ముందే. నేను చెప్తే ముసలాడు తప్పు ఒప్పుకున్నాడంటారు. నువ్వు చెప్తే, తప్పు పట్టుకున్నది ఫుల్వియో కూతురంటారు. నాకదే కావాలి.”

జినెవ్రా కళ్లు తుడుచుకుంది. పుస్తకం దగ్గరికి లాక్కుని పేజీ తిప్పింది. మర్నాటి తేదీ కింద లెక్కలేవీ లేవు. పేజీ నడుమ తండ్రి చేతిరాత పెద్దపెద్ద అక్షరాల్లో ఉంది.

‘ఆడపిల్ల. మూడు కిలోల నూట నలభై గ్రాములు. నమ్మకం కుదరక మళ్లీ తూయించాను. సరిగ్గా అంతే.’