రోజూ పాలు పొయ్యండి

"రేపు బాగవుతుందండి."

"నిన్న కూడా రేపనే అన్నారు."

"నిన్న అన్నది వేరే పార్టు గురించండి. అది బాగైంది. ఇప్పుడు ఇంకోటి పోయింది."

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో ఆమెకు అప్పుడు తెలిసింది. ఆమె ఫిజియోథెరపిస్టు. పొద్దున ఎనిమిదింటి నుంచి ఊళ్లోవాళ్ల మోకాళ్లు వంచి, చాచి, మళ్లీ వంచి, సాయంత్రానికి తన మోకాళ్లు తనవి కానట్టు ఇంటికొస్తుంది. ఇల్లు చూస్తే ఐదో అంతస్తులో. లిఫ్టు చూస్తే నాలుగు రోజులుగా నోరు తెరుచుకుని కూర్చుంది. దాని ముందు చేతుల నిండా గ్రీజుతో ఈ మెకానిక్.

ఆ పూటే అతనికి 'రేపు గారు' అని పేరు పెట్టేసి, మెట్టుకొకసారి తిట్టుకుంటూ పైకెక్కింది.

మర్నాడు లిఫ్టు నిజంగానే బాగైంది. రేపు గారు దాంట్లోనే ఐదో అంతస్తుకొచ్చి బెల్లు కొట్టాడు. "చెప్పానా అండీ!" అంటూ పరీక్ష పాసైనవాడిలా నవ్వాడు. నవ్వు బాగుందని ఆమె ఒప్పుకుంది, లోపల్లోపలే. పైకి ఒప్పుకోవడానికి ఓపిక లేదు.

ఆ సమయానికి ఆమె చేతిలో సీసా ఉంది. ఇక్కడ ఆ సీసా సంగతి చెప్పుకోవాలి.

వాళ్లమ్మ ఒకప్పుడు ఎవరో స్నేహితురాలి దగ్గర కెఫిర్ గింజలు తెచ్చింది. పేరుకే గింజలు, చూడటానికి మెత్తగా చిన్న చిన్న కాలీఫ్లవర్ ముక్కల్లా ఉంటాయి. చల్లారిన పాలలో వేసి, గుడ్డ కప్పి ఒక రోజు ఉంచితే పాలు పులిసి చిక్కబడతాయి. వడకట్టి ఆ పాలు తాగాలి, గింజల్ని మళ్లీ కొత్త పాలలో వెయ్యాలి. అంతే పని. కాకపోతే ఒక్క రోజు కూడా సెలవు లేని పని.

అమ్మ పోయి ఎనిమిది నెలలైంది. గింజలు మిగిలాయి. బస్సు డ్రైవరుగా రిటైరైన నాన్న అప్పటి నుంచి ఏది పెట్టినా సగంలో చాలంటాడు. సాయంత్రం ఆ గ్లాసు మాత్రం ఆఖరి చుక్కదాకా తాగుతాడు. అందుకని ఆమె ఎంత అలిసిపోయినా ఆ పని మానదు.

చిక్కల్లా ఒకటే, గింజలు పెరుగుతాయి. పెరిగినవి పారెయ్యకూడదు, ఎవరికైనా ఇవ్వాలన్నది అమ్మ పెట్టిన రూలు. ఆ భవనంలో అందరికీ ఇచ్చారు. అందరూ వారం తిరక్కుండా వాటిని చంపేశారు. ఇప్పుడు ఆమె సీసాతో కనబడితే చాలు, పక్కింటావిడ తలుపేసుకుంటుంది.

"ఇవి తీసుకోండి. లిఫ్టు బాగుచేసినందుకు," అంటూ, పెరిగిన గింజలున్న ఆ సీసా అతనికిచ్చింది.

"ఏం చెయ్యాలండి?"

"రోజూ పాలు పొయ్యండి. చావనివ్వకండి. ఏదీ పారబొయ్యొద్దు."

ఇంకా చెప్పాల్సింది ఉంది. ఇంతలో పెద్ద ఆవలింత వచ్చింది. అది అయ్యేసరికి అన్నీ చెప్పేసినట్టే అనిపించి తలుపేసుకుంది.

రెండు వారాల తర్వాత లిఫ్టు సర్వీసుకొచ్చి అతను కింద ఎదురుపడ్డాడు.

"మన సీసా ఎలా ఉంది?"

"ఉందండి... పెరుగుతోందండి..." అని నీళ్లు నమిలి, టూల్‌బాక్సు అందుకుని మాయమయ్యాడు. ఆ తర్వాత ఎప్పుడు కనబడ్డా ముఖం చాటేసేవాడు. ఒకసారైతే ఆమెను చూసి లిఫ్టు గుంతలోకి దిగిపోయాడు.

'పారేశాడన్నమాట,' అనుకుంది. మనుషుల మీద ఇంకో చిన్న ఆశ చచ్చిపోయింది. ఆ కోపంతో, బాగైన లిఫ్టును వదిలేసి మూడు రోజులు మెట్లెక్కింది. నాలుగో రోజు కాళ్లు ఎదురు తిరిగితే, లిఫ్టు మీద కోపమెందుకులే అని రాజీపడింది.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. క్లినిక్‌లో తోటి ఉద్యోగి సెలవు పెట్టడంతో ఆమె రెండు డ్యూటీలు చేసింది. ఇంటికొచ్చి పాలు కాచి, పొయ్యి పక్కనే నిలబడి ఒక కునుకు తీసి, ఉలిక్కిపడి లేచి, పొగలు కక్కే పాలు తెచ్చి గింజల మీద పోసేసింది. పోశాక గానీ తెలివి రాలేదు. చల్లటి నీళ్లలో వేసింది, మళ్లీ పాలు మార్చింది, బతిమాలింది కూడా. మర్నాడు పాలు పాలల్లాగే ఉన్నాయి. ఆ మర్నాటికి కంపు కొట్టాయి.

ఇరవయ్యేళ్లు అమ్మ బతికించినవాటిని తను ఒక్క కునుకులో చంపేసింది. నాన్నకు చెప్పే ధైర్యం చాల్లేదు. షాపులో డబ్బాలో అమ్మే కెఫిర్ కొనుక్కొచ్చి, ఎప్పటి గ్లాసులోనే పోసి ఇచ్చింది. నాన్న తాగాడు. ఏమీ అనలేదు. అందుకే ఆమెకు ఎక్కువ భయం వేసింది.

ఆరు రోజులు అలా గడిచాక, శనివారం మధ్యాహ్నం, గొడుగును ఎగరేసుకుపోయే గాలివానలో రేపు గారి గది వెతుక్కుంటూ వెళ్లింది. ఒక్కటంటే ఒక్క గింజ మిగిలినా చాలనుకుంది.

అతను తలుపు జానెడు తెరిచాడు. తేలు కుట్టిన దొంగ ముఖం పెట్టాడు.

"మీరా! లోపల... బాగోలేదండి."

"తడిసిపోతున్నాను."

తలుపు తెరుచుకుంది. ముందు పులుపు వాసన గుప్పుమంది. తర్వాత గది కనబడింది. కిటికీ మీద సీసాలు, బల్ల మీద గిన్నెలు, మంచం కింద మూతపెట్టిన రెండు బకెట్లు. గది నిండా పాలు, పులిసిన పాలు, పులిసి విరిగిన పాలు.

"ఇదేంటి?"

"మీ సీసానేనండి," అన్నాడు నీరసంగా. కళ్ల కింద నల్లటి చారలు. "రోజూ పాలు పొయ్యమన్నారు, పోశాను. నిండితే పెద్దదాంట్లోకి మార్చాను. అదీ నిండింది. పారబొయ్యొద్దన్నారు కదా!"

"వడకట్టి తాగాలి కదండీ!"

అతను బకెట్ల వంక చూశాడు. ఆమె వంక చూశాడు.

"ఇది తాగేదాండి?"

"మరి ఇన్నాళ్లూ ఏమనుకున్నారు?"

"చావనివ్వొద్దన్నారు. ప్రాణమున్నదేదో పెంచుకోమని ఇచ్చారనుకున్నాను. పనిలోంచి మధ్యలో వచ్చి మరీ పోసి వెళ్తున్నాను."

ఆమెకు నవ్వు వచ్చింది. ఎన్నో నెలల తర్వాత కడుపులోంచి వచ్చిన నవ్వు. మధ్యలో అది ఏడుపులోకి తిరిగింది. టూల్‌బాక్సు మీదే కూలబడి అమ్మ సంగతి, కునుకు సంగతి, నాన్న గ్లాసు సంగతి అన్నీ చెప్పేసింది. అతను ఓదార్చలేదు. తువ్వాలు ఇచ్చి పక్కన నేల మీద కూర్చున్నాడు.

"ఎలా చెయ్యాలో నన్నే అడగొచ్చు కదా?" అంది ముక్కు తుడుచుకుంటూ.

"ఆ రోజు మీరు నిలబడలేక నిలబడ్డారండి. ఇంకో ప్రశ్న వెయ్యబుద్ధి కాలేదు. తర్వాతేమో అడగడానికి సిగ్గేసింది."

ఆ మాటకు ఆమె అతని ముఖంలోకి మొదటిసారి సరిగ్గా చూసింది. అతను వెంటనే జల్లెడ వెతకడానికి లేచాడు.

సాయంత్రం దాకా ఇద్దరూ కూర్చుని వడకట్టారు. అడుగునుంచి గింజలు తేలాయి, గుప్పెళ్లకొద్దీ, తెల్లగా, బతికి. ఏవి చెడిపోయాయో ఏరి అవతల పెడుతూ, "ఇవి పారబొయ్యొచ్చు," అని ఆమె అనేసరికి అతను హమ్మయ్య అని కళ్లు మూసుకున్నాడు.

ఆమె సీసా అందుకుని గుమ్మం దాటుతుంటే పిలిచాడు.

"మీతో ఒక మాట చెప్పాలండి."

"చెప్పండి."

"రేపు చెప్తాను."

గింజలు తేరుకోవడానికి మూడు రోజులు పట్టింది. మూడో సాయంత్రం ఆమె గ్లాసు తెచ్చి నాన్నకిచ్చి, వంటగదిలోకి పోకుండా అక్కడే నిలబడింది. నాన్న ఒక గుక్క తాగి ఆగాడు.

"వచ్చాయా?"

"ఏంటి నాన్నా?"

"మీ అమ్మ గింజలు. తొమ్మిది రోజులు షాపుది పోశావు కదా తల్లీ."

"తెలిసి ఎందుకు ఊరుకున్నావు?"

"నిలబడే నిద్రపోతున్నావు. నిన్నేమని అడగను? అదీ పోయిందిలే అనుకున్నాను. నువ్వు కష్టపడి తెచ్చావని తాగాను." నాన్న గ్లాసు ఖాళీ చేశాడు. "ఇంతకీ ఎవరి దగ్గర బతికాయి?"

"లిఫ్టు మెకానిక్ దగ్గర."

"పాతికేళ్లు బండి నడిపినవాణ్ని. బండిని చూసుకునేవాడెవడో, తోలి పారేసేవాడెవడో నాకు తెలుస్తుంది. ఒకసారి రమ్మను."

రమ్మనే పని లేకపోయింది. అప్పుడే బెల్లు మోగింది. గుమ్మంలో రేపు గారు, వానకు తడిసి, చేతిలో పాల ప్యాకెట్టుతో.

"ఎక్కువ కొనేశానండి. అలవాటైపోయింది."

"ఏదో చెప్తానని మూడు రోజులైంది," అంది.

"అదే... రేపు..."

"ఇవాళ చెప్పండి. రేపటి దాకా ఆగే ఓపిక నాకు లేదు."

అతను పాల ప్యాకెట్టును ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చాడు. "మీరు నా చేతికిచ్చింది అదొక్కటేనండి. అది పోతే మీతో మాట్లాడే ముఖం ఉండదని భయమేసి పోస్తూ కూర్చున్నాను. మీరంటే నాకు చాలా ఇష్టం."

ఆమె తలుపుకు ఆనుకుంది. ఆ పూట పదమూడు మంది మోకాళ్లు వంచి వచ్చింది. ఒళ్లంతా నొప్పులే. అయినా మనసు తేలిగ్గా ఉంది.

"నాక్కూడా ఇష్టమే," అంది. "మిగతాది కూర్చుని మాట్లాడుకుందామా? కాళ్లు పీకేస్తున్నాయి."

లోపలి నుంచి గ్లాసుల చప్పుడు వినిపించింది. అమ్మ పోయినప్పటి నుంచి ఆ ఇంట్లో సాయంత్రం రెండు గ్లాసులే బయటికొస్తున్నాయి. అమ్మ గ్లాసు అలమారలో బోర్లించే ఉంటోంది.

"ఇద్దరూ గుమ్మంలో ఏం చేస్తున్నారు?" నాన్న కేకేశాడు. "మూడో గ్లాసు కడిగి పెట్టాను. అబ్బాయికి చక్కెర వెయ్యాలా, వద్దా?"