తండ్రి పేరు గడి

జనన మరణాల నమోదు కార్యాలయంలో ముప్ఫై ఒక్కేళ్లు గుమాస్తాగిరీ వెలగబెట్టి విశ్రమించిన తాతగారికి, ఆ ఉదయం గడ్డం గీసుకుంటూ ఉండగా ఒక మహాసందేహం కలిగింది. ఊళ్లో పిల్లలందరినీ పుస్తకంలోకి ఎక్కించిన తన ఇంట్లోనే, ఇరవై రోజుల మనవరాలు చట్టం దృష్టిలో ఇంకా పుట్టలేదేమి? గడువు ఇరవై ఒక్క రోజులు. రేపటితో సరి.

"దరఖాస్తు నింపావా అమ్మా?"

"నింపాను నాన్నా."

"మరి ఇవ్వలేదేం?"

"ఇస్తాలెండి" అని కూతురు పాపకు నీళ్లు పోయడానికి వెళ్లిపోయింది.

పది రోజులుగా ఇదే జవాబు. తాతగారు న్యాయమూర్తి గాంభీర్యంతో ఫైలు విప్పారు. గడులన్నీ సిరాతో ముచ్చటగా నిండి ఉన్నాయి. తండ్రి పేరు మాత్రం పెన్సిలుతో ఉంది.

"దర్యాప్తు పూర్తయిందా?" అంది వంటింట్లోంచి అమ్మమ్మ.

"పెన్సిలెందుకమ్మా?" అన్నారాయన, కూతురు రాగానే.

"మాకు పెళ్లి కాలేదుగా. పేరు ఎక్కాలంటే తనే వచ్చి నా పక్కన సంతకం పెట్టాలి. మీకు తెలియని రూలా?"

"రమ్మను మరి."

"'బండలు పరిచేవాడికి నా కూతురితో పనేమిటి' అని మీరే తనను గెంటేశారుగా. మీరు పిలిస్తేనే వస్తానంటున్నాడు."

"వాడికంత పౌరుషమా?"

"మీకు లేదూ?" అంది అమ్మమ్మ. "మీ ఇద్దరి పంతాల మధ్య పిల్ల పుట్టకుండా పోయేలా ఉంది."

"ఆ గడి వదిలేసి ఇచ్చెయ్. తర్వాత చేర్చుకోవచ్చు" అన్నారు తాతగారు.

కూతురు పెన్సిలు రాత చెరిపి, కలం ఆయన చేతిలో పెట్టింది. "అయితే గీత మీరే కొట్టండి."

ఖాళీ గడిలో వాలుగా గీత కొట్టడం ఆ కార్యాలయ నియమం. అలాంటి గీతలు ఆయన వందలు కొట్టారు, ఎదుట నిలబడ్డ తల్లుల వైపు తలెత్తకుండానే. ఇవాళ తలెత్తారు. కూతురి కళ్లు ఆ చిన్న గడి మీదే ఉన్నాయి. కలం ముందుకు సాగలేదు.

ఆయన ఫోన్ అందుకున్నారు. "నేనయ్యా, పాప తాతను. రేపు పదిన్నరకు ఆఫీసుకు రావాలి. గుర్తింపు కార్డు తెచ్చుకో." కలానికి మూత పెట్టేశారు. "ముందు ఇంటికే రా. నాదే పొరపాటు. అందరం కలిసి వెళ్దాం."

మర్నాడు పాప అమ్మానాన్నల పక్కన నిలబడ్డ తాతగారిని కిటికీ అవతలి గుమాస్తా అమ్మాయి అడిగింది. "మీరేమవుతారండీ?"

"తాతను."

"ఇందులో తాతకు గడి లేదండీ. కాస్త ఆ బల్ల మీద కూర్చోండి."

ఒకప్పటి ఆ కార్యాలయ సార్వభౌముడు పక్కకు తప్పుకుని, రెండు చేతులూ చాచారు.

"సంతకం పెట్టేదాకా పాపను ఇలా ఇవ్వు, అల్లుడూ."

కూతురి కలం కాగితం మీద ఒక్క క్షణం ఆగి, మళ్లీ కదిలింది.