ఓకే చెప్పని నడక

సినిమాలో హీరో టకటకమని బూట్ల చప్పుడుతో నడిచొస్తాడు చూడండి, ఆ చప్పుడు హీరోది కాదండీ బాబూ! చీకటి గదిలో, తెర మీది కాళ్లను చూసుకుంటూ, మైకు ముందు ఇంకెవరో నడుస్తారు. ఒక స్టూడియోలో ఆ పనిని మొగుడూ పెళ్లాలు ఇద్దరూ చేసేవారు. మగవాళ్ల అడుగులన్నీ ఆయనవి, ఆడవాళ్లవన్నీ ఆవిడవి. అందరూ ఆవిణ్ణి అడుగులమ్మ అని పిలిచేవారు.

ఒకరు నడుస్తుంటే ఇంకొకరు హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినేవారు. బాగుంటే "ఓకే", బాగోకపోతే "ఇంకోసారి". ఓకే అన్న మాట చెవిన పడేదాకా బూట్లు విప్పకూడదని వాళ్లకో పట్టింపు. ఒకరోజు ఆయన నడక ముగించాడు, ఆవిడ నోరు తెరిచేలోపే కరెంటు పోయింది. "రేపు విని చెబుతాలెండి" అంది. బూట్లు విప్పకుండానే నవ్వుకుంటూ ఇంటికొచ్చాడు. ఆ రాత్రి బూట్లతోనే పడుకున్నాడు, నిద్రలోనే గుండె ఆగిపోయింది.

ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతుందని ఆవిడ వెంటనే పనిలో పడింది. స్టూడియోలో మిగిలిన ఆయన పాత బూట్లలో గుడ్డలు కుక్కుకుని మగవాళ్ల అడుగులు కూడా తనే నడిచింది. ఏడాదిపాటు తనకు తనే ఊపిరి సలపనివ్వలేదు. చివరికి రికార్డింగ్ చేసే అతను హెడ్‌ఫోన్లు తీసి తల గోక్కున్నాడు.

"ఏమీ అనుకోకక్కా. అడుగు పడుతోంది గానీ అందులో మనిషి లేడు. కొన్నాళ్లు ఎటైనా వెళ్లిరా. నడవాలని నీకే అనిపించేదాకా ఇటు రాకు."

ఆవిడకు కోపం రాలేదు. నిజమే చెప్పాడు మరి.

చెల్లెలు తన ఇంట్లో మేడ మీది గది ఇచ్చింది. గదికీ, బయటి వరండాకీ పాత చెక్క నేల. "పిల్లి నడిచినా కిర్రుమంటుందే! ఇక్కడా అడుగులు ప్రాక్టీసు చేశావంటే ఊరుకోను. తిను, పడుకో, అంతే" అని వేలు చూపించి బెదిరించి, తన ఉద్యోగానికి వెళ్లింది.

సాయంత్రం వాన పట్టుకుంది. కరెంటు పోయింది. తడిసిన గోడల వాసన గదంతా ముసురుకుంది. ఆవిడ మంచం మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని వాన వింటోంది. ఆ వానలోంచి, తలుపు బయట వరండాలో... కిర్రు.

కిర్రు. టక్. ఎడమ మడమ కాస్త ఈడుస్తూ... టక్.

అది ఆయన ఈడ్పు, లక్ష అడుగుల్లో ఉన్నా ఆవిడ పట్టేస్తుంది. దుప్పటి మెడదాకా లాక్కుంది. అడుగులు తలుపు దగ్గరికొచ్చి ఆగాయి. బూటు పాలిష్ వాసన.

"ఓకేనా?" తలుపు వెనకనుంచి గుసగుస.

అలవాటైన నోరు కదండీ, ఊరుకుంటుందా? "ఇంకోసారి" అనేసింది.

అడుగులు వెనక్కి వెళ్లాయి. మళ్లీ మొదట్నుంచీ వచ్చాయి. ఆవిడ చీర కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. భయం ఎటు పోయిందో ఏమో! ఏడాదిగా ఈ చప్పుడు కోసమే కదా చచ్చేంత నడిచింది.

"ఓకేనా?"

"ఇంకోసారి..."

అలా ఎన్నిసార్లో. ఓకే అంటే వెళ్లిపోతాడని ఆవిడకు తెలుసు. అందుకే అనలేదు. కానీ రానురాను కుడి కాలు కూడా ఈడుస్తోంది. మధ్యలో ఆగుతున్నాడు. ఆయాసం వినబడుతోంది.

"ఓకేనా?... అలిసిపోయానే."

 తనకైతే విశ్రాంతి తీసుకోమని చెప్పేవాళ్లున్నారు. ఈ పిచ్చి మనిషి ఏడాదిగా బూట్లు విప్పలేదు!

"ఓకే అండీ" అంది. "చాలా బాగుంది. ఇక విప్పేయండి."

బయట బూట్ల లేసులు లాగిన చప్పుడు. ఒక బూటు. రెండో బూటు. ఆ తర్వాత ఉత్త పాదాలు మెట్లవైపు కదిలాయి... మెత్తగా, తేలిగ్గా.

వాటి పక్కనే ఇంకో జత పాదాలు.

ఆడ మనిషివి. మడమ ముందు ఆనుతోంది. వేళ్లు ఆలస్యంగా. ఏళ్ల తరబడి మైకులో విన్న నడక... తన నడకే.

"ఏవండీ!"

మంచం దిగి పరుగెత్తింది. తలుపు తీసింది. వరండాలో ఎవరూ లేరు. జంట అడుగులు మెట్లు దిగి, వానలో కలిసి, ఆగిపోయాయి. మెట్లదాకా పరుగెత్తి, అక్కడ ఠక్కున ఆగింది. పిల్లి నడిచినా కిర్రుమనే నేల... తను పరుగెత్తితే కిమ్మనలేదు.

తల వంచి పాదాల వైపు చూసుకుంది. కాలెత్తి బలంగా నేల మీద తన్నింది. మడమ జివ్వుమని నొప్పి పుట్టింది. మళ్లీ తన్నింది.

వాన చప్పుడు మాత్రమే వినబడుతోంది.