ఇస్త్రీ గదిలో రొట్టె వాసన

ఇస్త్రీ పెట్టె అడుగుకి అంటుకున్న రొట్టె పొడిని ఆమె తడిగుడ్డతో రుద్దుతోంది. కొన్నాళ్ళుగా రోజూ ఇదే పని. యూనివర్సిటీ హాస్టల్లో ఫ్లోర్ లీడర్ అయినందుకు మెళ్ళో ఒక ఈల, చేతిలో ఈ గుడ్డ. ఇవాళ మాత్రం ఓపిక పూర్తిగా నశించింది. ఇప్పుడే ఇస్త్రీ చేసిన తెల్లటి ల్యాబ్ కోటు వీపు మీద ఇంత వెన్న మరక పడింది.

ఆ అంతస్తులో అబ్బాయిల గదులు ఒకవైపు, అమ్మాయిలవి ఒకవైపు. మధ్యలో అందరికీ కలిపి ఈ ఇస్త్రీ గది. దొంగ ఎటునుంచి వస్తాడా అని ఆమె చూస్తుండగానే ఒక పొడుగాటి అబ్బాయి వెన్న రాసిన రొట్టె ముక్కలతో లోపలికొచ్చాడు. లా చదువుతున్నాడు. అంతస్తంతా అతన్ని లాయరు అనే పిలుస్తారు.

"ఇది బట్టలకి పెట్టిన పెట్టె," అందామె.

అతను తొణకలేదు. గదుల్లో వండకూడదని రూలుంది, ఒప్పుకున్నాడు. వంటగది తాళం పొద్దెక్కితే గానీ తియ్యరు, అదీ ఒప్పుకున్నాడు. ఇస్త్రీ గది మాట మాత్రం రూల్సులో ఎక్కడా లేదన్నాడు.

"పైగా ఇది వంట కాదు లీడరు గారూ. రొట్టె ముడతలు పడింది. ఇస్త్రీ చేస్తున్నాను."

ఆమె నవ్వలేదు. ఫిర్యాదు చేస్తానని చెప్పి, వెళ్ళేటప్పుడు తలుపు వేసి వెళ్ళమంది. ఎప్పుడైనా నిప్పంటుకుంటే పొగ పాకకుండా ప్రతి తలుపూ మూసి ఉండాలన్నది హాస్టల్ రూలు. మిగతా రూల్సు ఆమెకి కంఠతా వచ్చు గానీ, ఇది మాత్రం నిద్రలో కూడా పలవరిస్తుందని రూమ్మేట్ చెబుతుంది.

ఆ రోజు మొదలు లాయరు రూల్సు మీద పగబట్టాడు. నడవలో సైకిలు పెట్టాడు. స్నానాల గదిలో పాటలందుకున్నాడు. మంటలొస్తే దిగాల్సిన మెట్ల మీద పూలకుండీ పెట్టి నీళ్ళు పోశాడు. ఎవరి మీద ఫిర్యాదు ఉన్నా ఫ్లోర్ లీడరే వాళ్ళ గది గుమ్మం దాకా వెళ్ళి చెప్పాలి. ఆమె వెళ్ళేసరికి అతను తల దువ్వుకుని, గుమ్మంలో ఎదురుచూస్తూ ఉండేవాడు.

మొదట్లో ఆమె చిరచిరలాడుతూ వెళ్ళింది. తర్వాత్తర్వాత, వెళ్ళేముందు తనూ ఒకసారి అద్దం చూసుకోసాగింది. ఆ సంగతి ఆమె కంటే ముందు రూమ్మేట్ కనిపెట్టింది.

"తిట్టడానికి పౌడరెందుకే?"

అలా సాగుతుండగా ఒక వారం ఉన్నట్టుండి ఏ గొడవా లేదు. సైకిలు లేదు, పాట లేదు, మెట్ల మీద కుండీ లేదు. ఇస్త్రీ పెట్టె అద్దంలా మెరుస్తోంది. ఆమె తడిగుడ్డ పట్టుకుని నడవలో కాలుకాలిన పిల్లిలా తిరిగింది. చివరికి ఏ ఫిర్యాదూ లేకుండానే అతని తలుపు కొట్టింది.

"ఒంట్లో బాగాలేదా?" అనడిగింది.

వార్డెన్ పిలిచి చెప్పాడట. ఇంకొక్క ఫిర్యాదు వస్తే గది ఖాళీ చేసి, ఊరి చివర ఎక్కడో అద్దెకి వెతుక్కోవలసిందే.

"ఇక నేను బుద్ధిమంతుణ్ణి లీడరు గారూ," అన్నాడు నీరసంగా.

ఆమె వెనక్కొచ్చి మంచం మీద కూలబడింది. అతను అల్లరి చేస్తే హాస్టల్లో ఉండడు. చెయ్యకపోతే ఆమెకి ఆ గుమ్మం దాకా వెళ్ళే పనే లేదు. ఇదెక్కడి చిక్కురా దేవుడా అనుకుంది.

తెల్లారి లేచి, జన్మలో చెయ్యని పని చేసింది. రొట్టె కొనుక్కొచ్చి, వెన్న రాసి, దానిమీద వేడి ఇస్త్రీ పెట్టె ఆనించింది. వాసనకి అతనే వస్తాడు, తప్పు తనది కాబట్టి అతని మీద ఫిర్యాదూ ఉండదు, అని లెక్క. తలుపు వైపు కళ్ళు పెట్టుకుని చూస్తూ రొట్టె సంగతి మర్చిపోయింది.

అలారం గోలగోలగా మోగింది. హాస్టలంతా తువ్వాళ్ళతో, నోట్లో బ్రష్షులతో బయట పచ్చిక మీదికి వచ్చి నిలబడింది. వార్డెన్ సగం గడ్డం గీసుకుని, మిగతా సగానికి సబ్బు నురగతో వచ్చాడు. గాలి ఒక్కసారి పీల్చి, "ఆ లాయరెక్కడ?" అన్నాడు.

లాయరు చూపు లీడరు వేళ్ళ మీది వెన్న మీద పడింది. ఆమె నోరు తెరిచేలోపే, "నేనే సార్," అన్నాడు.

"అబద్ధం సార్, నేను," అందామె.

వార్డెన్ ఇద్దర్నీ పక్కనే ఉన్న తన ఇంటికి తీసుకెళ్ళాడు. నేను కాదంటే నేను కాదనేవాళ్ళని చూశాడు గానీ, తప్పు నాదంటే నాదని ఇలా పోట్లాడుకునేవాళ్ళని ఆయన ఎన్నడూ చూడలేదు. ఆయన తల పట్టుకుంటే, ఆయన భార్య సొంత ఇస్త్రీ పెట్టె, రొట్టె తెచ్చి బల్లమీద పెట్టింది.

"చెరొకటీ కాల్చమనండి. ఎవరు మాడుస్తారో చూద్దాం."

లాయరు ముందుకొచ్చాడు. మాడ్చి బొగ్గు చేసెయ్యాలనే పళ్ళు బిగించాడు, కళ్ళు మూసుకున్నాడు. కానీ వాసన మారగానే అలవాటుపడ్డ చెయ్యి దానంతటదే పెట్టెని పైకెత్తేసింది. రొట్టె బంగారంలా ఉంది. తనకి ద్రోహం చేసిన స్నేహితుణ్ణి చూసినట్టు దాన్ని చూశాడు.

తర్వాత ఆమె వంతు. పెట్టె పెట్టి, అతని ముఖం చూస్తూ ఉండిపోయింది. పొగ లేచింది.

"నువ్వేనా? ఎందుకమ్మా?" అన్నాడు వార్డెన్.

ఆమె మెళ్ళో ఈల తీసి బల్లమీద పెట్టింది. "వారం నుంచి ఈయన మీద ఒక్క ఫిర్యాదూ లేదు సార్. చూడ్డానికి వెళ్ళే దారి లేకపోయింది."

వార్డెన్ చెంప మీద సబ్బు ఎండిపోతోంది. భార్య నవ్వు కనబడకుండా ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. ఆయన ఈల జేబులో వేసుకుని, ఇకనుంచి అది తన దగ్గరే ఉంటుందని, అబ్బాయి గది అబ్బాయిదేనని తేల్చాడు.

ప్రతి రూలులోనూ సందు వెతికే లాయరు మాత్రం తను కాల్చిన రొట్టె పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఆమె అతని దగ్గరకొచ్చి, ఆ రొట్టె చేతిలోంచి తీసుకుని, ఒక అంచు కొరికి, ఆ ఇంట్లోంచి వెళ్ళిపోయింది.

వెళ్తూ తలుపు వెయ్యలేదు.