పోతయ్య కొలత

కొలవడం నా ఉద్యోగం. సర్వే ఆఫీసులో చైన్‌మాన్‌ని. ఇనుప గొలుసు ఒక కొస పట్టుకుని నేను ఎండలో గట్ల వెంట నడుస్తుంటే, సర్వేయరు గొడుగు కింద నిలబడి అంకెలు రాసుకుంటాడు. ఈ పని పుణ్యమా అని నేలంటే నాకు భయం లేకుండా పోయింది. అది ఒకప్పటి మాట.

మా ఊరు చంద్రగిరికి ఏడు మైళ్లు. ఊరి వెనక కొండ, కొండ మీద కూలిన కోట గోడలు, కింద దండు మిట్ట. కంపెనీ దొరల కాలంలో అక్కడ యుద్ధం జరిగింది. ఇంతవరకూ ఊరికీ మా మాలవాడకూ పేచీ లేదు. ఆపైన కథ రెండుగా చీలుతుంది.

ఊరి కథ ప్రకారం పాళెగాడు పదకొండు రోజులు తెల్లవాళ్లను కొండెక్కనివ్వలేదు. పన్నెండో రోజు మాల పోతిగాడు మేకల దారి చూపించి కోటను పట్టిచ్చాడు. మా వాడ కథలో ఆ దారిన ఎవరూ ఎక్కలేదు. పాళెగాడే దిగిపోయాడు, నూరుమంది కాపలావాళ్లను చావుకు వదిలేసి. దిగుతుంటే చూసినవాడు పోతయ్య ఒక్కడే. అందుకని పాళెగాడి మనుషులు ఆయన నోట్లో మట్టి కుక్కి, ప్రాణం ఉండగానే మిట్టలో పూడ్చేశారు. ఆయన మా ముత్తాతకు తాత.

ఏటా వైశాఖంలో మిట్ట మీద పోతయ్య మట్టిబొమ్మ చేసి, సాయంత్రం దాన్ని ఈటెలతో పొడిచి ముక్కలు చేసేవాళ్లు. మా వైపు భారతం ఆడే చోట పడుకోబెట్టే దుర్యోధనుడి బొమ్మలాంటిదే. కాకపోతే దీనికి కొలత మనిషి కావాలి. పోతయ్య వంశంలో మగవాడు మిట్టమధ్యాహ్నం నేల మీద వెల్లకిలా పడుకోవాలి. వాడి చూపు ఊరివాళ్ల మీద పడకుండా నిలువెల్లా నల్ల గొంగళి కప్పుతారు. చుట్టూ సున్నంతో గీత గీస్తారు. వాడు లేచి వెళ్లాక ఆ గీత లోపల బొమ్మ పోస్తారు.

మా నాయన మునెయ్య ఇరవై ఆరేళ్లు అలా పడుకున్నాడు. చిన్నప్పుడు మిట్ట కింద నిలబడి చూసేవాణ్ని. అంత సిగ్గు నాకు మళ్లీ ఎక్కడా కలగలేదు.

1978లో నాయన నడుము పడిపోయి మంచం పట్టాడు. అదే ఏడాది మా వాడకు ఇళ్ల స్థలాలు మంజూరయ్యాయి. ఊరి పెద్ద గోవిందయ్య, తనది పాళెగాడి వంశమని చెప్పుకునే మనిషి, వాటి మీద అభ్యంతరం పెట్టాడు. ఆ తర్వాత నన్ను పిలిపించాడు.

"ఏమప్పా శాంతయ్యా, సర్కారు ఉద్యోగస్తుడివైనావు. అయినా ఒక్క గడియ పండుకో. నా అర్జీ నేను వాపసు తీసుకుంటా" అన్నాడు.

పద్దెనిమిది కుటుంబాలు. వానొస్తే మోకాలి లోతు నీళ్లు నిలిచే గుడిసెలు. సరేనన్నాను, పళ్లు కొరుక్కుంటూనే.

ఆ రోజు పొద్దున నాయన నన్ను మంచం దగ్గరికి పిలిచాడు. "గొంగళి కింద ఏమి ఇనపడినా పలకొద్దురా. ఊఁ అని గూడా అనొద్దు."

"ఏమి ఇనపడతాది?"

"పలకొద్దు అంతే."

ఇరవై ఆరేళ్లు నోరు మూసుకుని పడుకున్న మనిషి ఇంతకంటే ఏం చెబుతాడులే అనుకుని వచ్చేశాను.

మిట్ట మీద చొక్కా విప్పి పడుకున్నాను. నేల పెనంలా కాలుతోంది. కుమ్మరి ఆదిమూలం గొంగళి కప్పాడు. పట్టపగలు చీకటి పడింది. లోపల గొర్రె వాసన, పాత చెమట వాసన. అందులో మా నాయన చెమట కూడా ఉండే ఉంటుంది. బయట తప్పెట మోగుతోంది. ఆదిమూలం సున్నం పోసుకుంటూ నా ఎడమ భుజం దగ్గర్నుంచి కాళ్ల వైపు నడిచాడు. పొడి రాలే చప్పుడు సన్నగా వినపడుతోంది. కాళ్లు దాటి కుడివైపు తిరిగాడు. నడుము దాకా వచ్చాడు.

అక్కడ ఆ చప్పుడు ఆగింది. కాసేపటికి తప్పెట కూడా ఆగింది.

అయిపోయిందేమో అనుకున్నాను. లేవమని ఎవరూ అనలేదు. ఒక్క దగ్గు లేదు, ఒక్క మాట లేదు. అంతమంది జనం ఏమైనట్టు...

వీపు కింద నేల చల్లబడింది. ముందు నడుము దగ్గర, తర్వాత భుజాల కింద. బావి అడుగున ఉండే చలి అది. నా రెండు మడమలకూ గట్టిగా ఏవో ఆనాయి. కింద నుంచి. కదలబోయాను. ఒళ్లు మాట వినలేదు.

టక్.

మడమల మీద దెబ్బ. టక్... టక్.

అప్పుడు వినపడింది, చెవి పక్కనే, చాలా మెల్లగా, లాలించినట్టు.

"చెప్తావా...?"

పోతయ్య. మా పోతయ్యే. నూట డెబ్బై ఏళ్లుగా ఈ మట్టిలో అడుగుతూ ఉన్నాడు, మా నాయన ఒక్కసారైనా బదులివ్వలేదు. మడమల కింద దెబ్బలు ఎక్కువయ్యాయి. టక టక టక టక. తొందరపడుతున్నాడు అనుకున్నాను. పాపం, ఎంత కాలం ఎదురుచూశాడో.

"చెప్తావా...?"

పద్దెనిమిది గుడిసెలు గుర్తొచ్చాయి. నాయన మాట గుర్తొచ్చింది. అయినా మనసు ఆగలేదు.

"చెప్తా" అన్నాను.

దెబ్బలు టక్కున ఆగిపోయాయి. నా చెవి పక్కన ఎవరో తృప్తిగా ఊపిరి వదిలారు. వంగి కూర్చున్న ముసలివాడు లేచినట్టు కీళ్ల చప్పుడైంది.

గొంగళి విసిరేసి లేచాను. జనమంతా ఇరవై గజాల అవతల గుంపుగా నిలబడి ఉన్నారు. ఆదిమూలం సున్నం గంపను గుండెకు హత్తుకుని ఉన్నాడు. గీత నా నడుము దగ్గరే ఆగిపోయింది.

"మిగతాది గీయలేదేం?" అన్నాను.

"తలకాడికి రాలేకపోయినా అప్పా" అన్నాడు, నా వైపు చూడకుండా. "ఆడ జాగా లేదు."

వెనక్కి తిరిగి చూశాను. నా తల ఆనిన చోట నేల గుంట పడాలి. పైకి ఉబ్బి ఉంది. నుదురు, ముక్కు, మూసిన కళ్లు. నోరు ఉండాల్సిన చోట మట్టి నున్నగా మెత్తినట్టుంది.

అక్కడే నిలబడి చెప్పేశాను. పాళెగాడు దిగిపోయాడని, పోతయ్య చూశాడని, చూసినందుకే పూడ్చారని. గోవిందయ్య నన్ను చూడలేదు. ఆ ముఖాన్నే చూస్తున్నాడు. పారతో కొట్టెయ్యమన్నాడు. పార పట్టుకోవడానికి ఒక్కరూ ముందుకు రాలేదు. ఆయన అర్జీ వాపసు తీసుకోలేదు. స్థలాలు చేతికొచ్చేసరికి ఇంకో నాలుగేళ్లు పట్టింది.

ఇంటికొచ్చి నాయనకు జరిగిందంతా చెప్పాను, కొంచెం గర్వంగానే. ఆయన దిండు మీద నుంచి తల ఎత్తాడు.

"ఆ మాట యాడ నుంచి వచ్చింది? కింద నుంచా, పైనుంచా?"

చెవి పక్కన ఊపిరి గుర్తొచ్చింది. కీళ్ల చప్పుడు గుర్తొచ్చింది. "పైనుంచి" అన్నాను.

"నోటి నిండా మట్టి ఉండేవాడు యాడ మాట్లాడతాడురా?" అన్నాడు నాయన. "గుంత గట్టున వంగి పాళెగాడు అడిగిన మాట అది. మా యవ్వ చెప్పింది నాకు. చెప్పనంటే ఇడిసిపెట్టుండునంట. పోతయ్య చెప్తా అన్నాడంట."

"మరి కింద తట్టింది?"

"పలకొద్దని. ఇరవై ఆరేండ్లు నాకూ తట్టినాడు."

గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆయన్ను చూసి సిగ్గుపడినందుకు ఆ రోజు నా మీద నాకే అసహ్యం వేసింది.

ఇది జరిగి తొమ్మిదేళ్లవుతోంది. నాయన పోయాడు. మిట్ట మీద మళ్లీ ఎవరూ బొమ్మ చేయలేదు. నాకేమీ కాలేదు. ఏదో అవుతుందని మొదట్లో రోజూ ఎదురుచూశాను, తర్వాత మరిచిపోయాను. అడిగినవాళ్లకల్లా పోతయ్య కథ చెబుతూనే ఉన్నాను.

నిన్న నా కూతురు మునిలక్ష్మి బడి నుంచి ఎగురుకుంటూ వచ్చింది. ఐదో తరగతి. మీ ఊరి గురించి ఏమన్నా చెప్పండని అయ్యవారు అంటే, లేచి పోతయ్య కథ మొదట్నుంచీ చివరిదాకా చెప్పిందట. నాకు కళ్లు చెమ్మగిల్లాయి.

"బెదురు లేకుండా చెప్పినావా?"

"ముందే అడిగినాడు గదా నాయనా, చెప్తావా అని."

"ఎవరు, అయ్యవారా?"

కాదని తలూపింది, సంగటి ముద్ద నోట్లో పెట్టుకుంటూ. "బెంచీ పక్కన వంగి అడిగినాడు. కాళ్ల కింద ఒకటే టకటక, సరిగ్గా ఇనపడలా. మళ్లా అడిగితే చెప్తా అన్నా."

నేను లేచి నిలబడ్డాను.

"సోమారం నిన్ను బడికాడికి రావద్దన్నాడు నాయనా. తానే నన్ను మిట్ట కాడికి తోడుకోని పోతాడంట."

ఈ రోజు ఆదివారం.