పిడుగుకి తాకట్టు

మధ్యాహ్నం అన్నం బెల్లు కొట్టేసరికి షావుకారు చేతిలో ఉన్న ఆస్తి ఇదీ: అమ్మ వాడి వదిలేసిన ఫోను, దాని అద్దం మీద అడ్డంగా పాకిన పగులు, ఆ పగులు వెనక చెంగుచెంగున గెంతుతున్న చిటుకు.

షావుకారు ఆరో తరగతి అమ్మాయి. అసలు పేరు హాజరు పిలిచేటప్పుడే వినిపిస్తుంది. రబ్బరు ఇచ్చి పెన్సిలు, పెన్సిలు ఇచ్చి స్కెచ్ పెన్ను సంపాదించే రకం కాబట్టి క్లాసంతా కలిసి ఆ పేరు పెట్టారు.

చిటుకు ‘బరి’ అనే ఫోన్ ఆటలో బుల్లి జీవి. ఒళ్ళంతా పసుపు నూగు, తోక చివర నిప్పురవ్వ. ఇప్పుడు చిన్నదే గానీ, మారితే పిడుగు అవుతుంది. పిడుగంటే మాటలా! బరిలో దాన్ని మించిన వేగం లేదు. ఎదుటి జీవి కళ్ళు తెరిచేలోపు కరెంటు దెబ్బ కొట్టి పక్కకి తప్పుకుంటుంది.

శనివారం స్కూల్లో బరి పోటీ. అందుకే ఈ వారం ఫోన్లు తెచ్చుకోవచ్చని కంప్యూటర్ సారు ఒప్పుకున్నారు. షావుకారుకి లెక్కలు చేస్తున్నా పిడుగే, స్నానం చేస్తున్నా పిడుగే. కళ్ళు మూస్తే చాలు, నీలం వెలుగు చిమ్ముతూ దూకేది.

ఒక్కటే చిక్కు. చిటుకు సొంత మనిషి దగ్గరే ఉంటే ఎన్నాళ్ళైనా చిటుకే. ఇంకొకరి ఫోన్లోకి పంపి, ఒక రాత్రి అక్కడ ఉంచితేనే పిడుగవుతుంది. తీసుకున్నవాళ్ళు తిరిగివ్వకపోతే అడిగే దిక్కు లేదు.

బాగా ఆలోచించి షావుకారు నత్త దగ్గరికి వెళ్ళింది. నత్త అంటే పక్క బెంచీ కుర్రాడు. సంచి జిప్పు తెరవడానికే వాడికి సగం పీరియడ్ పడుతుంది. మోసం చెయ్యాలంటే కాస్త చురుకుండాలి కదా!

“ఒరేయ్ నత్తా, దీన్ని ఒక్క రాత్రి ఉంచుకుని ఇచ్చెయ్యాలి.”

“ఇస్తాలే.”

“ఇస్తాలే అంటే కుదరదు. తాకట్టు పెట్టు.”

ఆ మాట ఇంట్లో నేర్చుకున్నదే. వాళ్ళమ్మ కొట్టులో కుర్చీలు, గిన్నెలు అద్దెకిస్తుంది. ఏదో ఒకటి తాకట్టు పెడితే గానీ అక్కడ ఒక్క కుర్చీ కూడా గడప దాటదు.

నత్త దగ్గరున్నది ఒకే ఒక్క జీవి, బండ. మట్టితో చేసిన తాబేలులా ఉంటుంది. ఒక కాలు ఎత్తి ఇంకో కాలు వేసేలోపు ఆవులింత వస్తుంది. దాని వీపు మీద చిన్న పలక, పలక మీద ‘అన్న బండ’ అని పేరు.

“ఇది తప్ప ఏం లేదా? సరే, ఇదే ఇవ్వు.”

నత్త వేలు బటన్ మీద చాలాసేపు ఆగింది. “సాయంత్రం మేత వెయ్యాలి. మర్చిపోకు.”

“నాకు తెలీదా ఏంటి?”

ఆ సాయంత్రమే మీసాలన్న కొట్టుకొచ్చాడు, వాళ్ళింటికి తీసుకెళ్ళిన కుర్చీలు అప్పజెప్పడానికి. పదో తరగతి. పైపెదవి మీద నాలుగు వెంట్రుకలు మొలిచిన దగ్గర్నుంచి అద్దం వదలడు. షావుకారు ఫోన్లోకి తొంగి చూశాడు.

“ఏం షావుకారూ, గుట్టలు వెతికే తీరిక నాకు లేదు. ఈ బండ నాకిస్తావా? వేగపట్టీ ఇస్తా.”

వేగపట్టీ! అది పిడుగు కాలికి కడితే ఇంక పట్టుకునేవాళ్ళుండరు.

గబగబా లెక్క వేసింది. బండలు ఏ గుట్ట వెనక వెతికినా దొరుకుతాయి. ఇంకోటి పట్టి నత్తకిచ్చేస్తే సరి. బండకి బండ చెల్లు. వాడికి నష్టం లేదు, తనకి పట్టీ లాభం.

బేరం కుదిరిపోయింది.

మర్నాడు బెల్లుకి ముందే నత్త ఎదురొచ్చాడు. ఇచ్చిన మాట ప్రకారం పిడుగుని ఆమె ఫోన్లోకి పంపేశాడు.

“రాత్రి మారుతుంటే చూశా. గదంతా నీలంగా వెలిగింది తెలుసా! బండకి మేత వేశావా?”

“ఆఁ... వేశా. పోటీ అయ్యాక ఇస్తాలే.”

నత్త తలూపాడు. షావుకారు పిడుగునే చూస్తూ కూర్చుంది. ఎంత చూసినా తనివి తీరలేదు. అయినా మధ్యమధ్యలో ఏదో ముల్లు గుచ్చుకున్నట్టు ఉండేది.

శుక్రవారానికి ఒక కొత్త బండ దొరికింది. హమ్మయ్య అనుకుంది. అప్పుడు అమ్మ కొట్టు ముందు ఒక పాత సైకిలుకి పట్టా కప్పుతోంది. ఎవరో తాకట్టు పెట్టిన సైకిలు.

“అమ్మా, అది పోతే ఏం చేస్తావ్? అలాంటిదే కొనిస్తావా?”

“అలాంటిది వాళ్ళకెందుకే? వాళ్ళది వాళ్ళకి కావాలి గానీ,” అంది అమ్మ, పట్టా అంచు బిగించి కడుతూ. “ఆ కొస పట్టుకో, గాలికి లేస్తోంది.”

షావుకారు కొస పట్టుకుంది.

శనివారం కంప్యూటర్ గది కిక్కిరిసిపోయింది. ఆట గోడ మీద పెద్ద తెరపై కనిపిస్తోంది. పిడుగు దిగడమే ఆలస్యం, ఎదురొచ్చిన జీవి ఎదురొచ్చినట్టే పడిపోయింది. పిల్లలు బెంచీలెక్కి కేకలు వేశారు. చూస్తుండగానే షావుకారు ఫైనల్‌కి వచ్చేసింది.

ఫైనల్లో ఎదురు కూర్చున్నది మీసాలన్న. లేని మీసం దువ్వుకుని, తన జీవిని దింపాడు.

బండ.

పిడుగు కరెంటు దెబ్బ కొట్టింది. కరెంటంతా మట్టిలోకి ఇంకిపోయింది. ఇందుకా ఆ బేరం! షావుకారుకి ఒళ్ళు మండింది. అయినా పిడుగు కాలికి పట్టీ ఉంది. బండ కాలు కదిపేలోపు పిడుగు ఒక కాటు, ఇంకో కాటు, చుట్టూ తిరిగి మరో కాటు. బండ వీపు బీటలు వారింది. ఇంకొక్కటి పడితే కప్పు ఆమెదే.

“షావుకారూ...”

వెనక వరసలోంచి నత్త లేచి నిలబడ్డాడు. తెరమీద పలకనే చూస్తున్నాడు.

“అది మా అన్న బండ కదా? నీ దగ్గర కదా ఉండాలి?”

బెంచీల మీది పిల్లలు షావుకారు వైపు తిరిగారు.

“నీకోసం ఇంకోటి పట్టాను రా. ఇదిగో, ఇప్పుడే ఇచ్చేస్తా.”

“ఇంకోటి నాకెందుకు?” వాడు తెర వైపు వేలు చూపించాడు. “అన్న వేరే ఊరు పనికి వెళ్తూ అది నాకిచ్చి వెళ్ళాడు. వారం వారం ఫోన్ చేస్తాడు. చెయ్యగానే ముందు దాన్ని చూపించమంటాడు.”

షావుకారు వేలు గాల్లోనే ఉండిపోయింది. నెమ్మదిగా ఫోను బల్ల మీద పెట్టింది.

“సార్, కాస్త ఆపండి. అన్నా, ఆ బండ ఇచ్చెయ్. నీ పట్టీ నీకిచ్చేస్తా.”

“పట్టీ ఎవడికి కావాలి?” మీసాలన్న నవ్వాడు. “పిడుగివ్వు. ఇష్టమైతే బేరం, లేదంటే ఆట.”

సారు ఏదో అనబోయారు. “నేను చేసిన బేరమే సార్,” అంది షావుకారు.

తెరమీద పిడుగు కాలు నేలకి రాస్తూ, ఎప్పుడు దూకమంటావని అడుగుతున్నట్టు నిలబడి ఉంది. ఎన్ని రోజులు కలవరించింది దీనికోసం! ఇంకొక్కసారి చూస్తే ఇవ్వలేనని తెలిసి, కళ్ళు మూసుకుని బటన్ నొక్కింది. కాలి పట్టీతో సహా పిడుగు వెళ్ళిపోయింది.

కప్పు మీసాలన్నకి వెళ్ళింది. షావుకారు బండని పంపితే నత్త తీసుకుని బయల్దేరాడు. గుమ్మం దాకా వెళ్ళి మాత్రం ఆగాడు.

“నీతో మాట్లాడాలో వద్దో, అన్న ఫోన్ చేశాక చెప్తా.”

ఆదివారం సాయంత్రం, రమ్మనకపోయినా షావుకారు వాళ్ళింటికి వెళ్ళింది. ఫోన్లో వీడియో కాల్: పైన నత్త వాళ్ళన్న, కింద బండ. అన్న తల ఇంకా తడిగా ఉంది, వెనక ఒకదానిమీద ఒకటి ఇనప మంచాలు.

“అన్నా, షావుకారుని నేనే. మీ బండని అమ్ముకున్నది నేనే,” అంది, ఎవరూ అడక్కముందే.

అన్న తల తుడుచుకోవడం ఆపాడు.

“ఎంతకి?”

“వేగపట్టీకి.”

“ఓసి, అంతేనా! కాస్త గట్టిగా బేరమాడాల్సింది.” నవ్వాడు గానీ ఆ నవ్వు తొందరగా ఆగిపోయింది. “తమ్ముడూ, దాన్ని ఇంకొంచెం పెద్దగా చూపించరా.”

తెర మీదకి అవతలి నుంచి ఒక వేలు వచ్చి ఆగింది, బండ తల నిమురుతున్నట్టు. నత్త కూడా వేలు పెట్టాడు. సరిగ్గా అప్పుడే ఫోను చార్జింగ్ అయిపోయి తెర నల్లబడింది. నత్త దాన్ని దులిపాడు, తట్టాడు. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“చార్జింగ్ పెడదామంటే కరెంటు లేదు. అన్నకి మళ్ళీ వచ్చే వారం దాకా ఖాళీ ఉండదు.”

షావుకారు తన ఫోను వాడి చేతిలో పెట్టింది. “నంబరు కొట్టు. తీరిగ్గా మాట్లాడు. నేను వెళ్ళొస్తా, రేపు మా కొట్టుకి తెచ్చివ్వు.”

నత్త తెల్లబోయాడు. “మరి తాకట్టు?”

“ఏం అక్కర్లేదు. కొట్టు ముందు నంబరు!”

బయట చీకటి పడుతోంది. మెడ వంచి ఫోను చూసే అలవాటుకి ఉత్త అరచేతిలోకే చూసుకుంది. అక్కడ ఇంక పిడుగు దూకదు. లెక్క చూస్తే పిడుగు పోయింది, పట్టీ పోయింది, కప్పు రాలేదు, ఈ రాత్రికి ఫోను కూడా లేదు. రాబడి కింద వేసుకోవడానికి ఉన్నది, నత్తా వాళ్ళన్నా పగలబడి నవ్వుతున్న చప్పుడు. అది సందు మలుపు దాకా వినిపించింది.